బండికి పానా పట్టేది ఎవరు? 1932 నుంచి గచ్చిబౌలి దాకా

ఇయ్యాల పోస్టు కొంచెం పొడుగుంటది, పొద్దుమూకి పని అయినంక తీరిగ్గా చదువుండ్రి.

వానాకాలం దగ్గర పడ్డదంటే ట్రాక్టర్లన్నీ షెడ్ల ముందర వరుస కడతయి. ఊర్లో నలుగురు కూసున్నకాడల్లా ఒకటే ముచ్చట: సర్వీసింగ్ మనమే చేసుకుందామా, మెకానిక్‌కు ఇద్దామా? ఒకరేమో "ఆయిల్ మార్చుడు కూడా రాకుంటే ట్రాక్టర్ ఎందుకు కొన్నట్టు" అంటరు. ఇంకొకరేమో "తెలిసీ తెలియని చెయ్యి పెడితే వెయ్యితో పోయేది పదివేలకు వస్తది" అంటరు. ఇద్దరు చెప్పేదాంట్లోనూ నిజముంది. కానీ ఈ మధ్య మూడో మాట కూడా వినబడుతున్నది. "మనమూ చెయ్యలేం, మన ఊరి మెకానికూ చెయ్యలేడు, షోరూంకే పోవాలె" అని. నన్ను ఆలోచనలో పడేసింది ఈ మూడో మాటనే. మన చేతిల పానా ఎట్ల జారిపోయింది, ఎక్కడికి పోయింది అని ఎనక్కి పోయి చూస్తే, ఆ కథ మన హైదరాబాద్‌లనే దొరికింది. ఆర్టీసీ బస్సుతోని మొదలై హైటెక్ సిటీ కాడ మలుపు తిరుగుతది.

రైల్వే నేర్పిన అలవాటు

1932లో నిజాం సర్కారు బస్సులు నడపాలనుకున్నది. కొత్త శాఖ పెట్టలేదు, ఆ పనిని తన రైల్వేకే అప్పజెప్పింది. నిజాం స్టేట్ రైల్వేల రోడ్డు రవాణా విభాగం అట్ల పుట్టింది. మొదట్ల 27 బస్సులు, 166 మంది పనిచేసేటోళ్లు, అంతే. బస్సులు స్కాట్లండ్‌ల తయారైన ఆల్బియన్ కంపెనీవి.

రైల్వే చేతుల పెట్టుడు వల్ల ఒక మంచి జరిగింది. రైల్వేకు అప్పటికే సొంతంగా రిపేర్ చేసుకునే అలవాటున్నది. సికింద్రాబాద్ లాలాగూడ వర్క్‌షాప్ 1893 నుంచే నడుస్తున్నది. పెట్టె చెడితే పెట్టె, చక్రం అరిగితే చక్రం, అన్నీ అక్కడ్నే బాగుచేసేటోళ్లు. ఆ కాలంల బయట ఇచ్చి చేయించుకుందామంటే ఇచ్చేదెవరికి? ఊర్లల్ల ఎడ్లబండికి పట్టా ఎక్కించే కమ్మరి, వడ్ల పని చేసే వడ్రంగి ఉన్నరు గానీ మోటారు ఇంజన్ విప్పెటోడు లేడు. స్పేర్ పార్టు కావాలంటే సముద్రం దాటి ఓడల రావాలె. బండి ఎవరిదైతే బాగోగులు చూసుకునేదీ వాళ్లే అన్న పద్ధతి ఆ అవసరంలకెళ్లి వచ్చిందే.

1951 నవంబర్ 1న ఆ బస్సుల విభాగం రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 1958 జనవరి 11న ఏపీఎస్ ఆర్టీసీ ఏర్పడ్డది. పేర్లు మారినయి, సర్కార్లు మారినయి, రిపేర్ పద్ధతి మాత్రం మారలేదు. డిపో అంటే బస్సులు నిలబెట్టే జాగ ఒక్కటే కాదు, అదే పెద్ద షెడ్డు కూడా. డ్రైవర్ బండి దిగంగనే ఏం సప్పుడు వస్తున్నదో, బ్రేకు ఎట్ల పడుతున్నదో రాసి ఇస్తడు. రాత్రి మెకానిక్‌లు దాన్ని చూసి పొద్దుగాల వరకు బండిని తయారు చేస్తరు. రోజుకోసారి చూసేది, వారానికోసారి చూసేది, కిలోమీటర్ల లెక్కన విప్పి చూసేది, దేనికి దానికి వేరే లెక్కలున్నయి. పెద్ద పనులకు ఉప్పల్, కరీంనగర్ జోనల్ వర్క్‌షాపులు. టైరు అరిగితే కొత్త రబ్బరు ఎక్కించుకునేదీ, మియాపూర్‌ల బస్సు బాడీ కట్టుకునేదీ వాళ్లే.

బండి ఆగినంక చూసుడు వేరు, ఆగకముందే చూసుడు వేరు. రోడ్డు మీద ఆగిన బస్సుకు రిపేర్ ఖర్చుతోపాటు పోయిన ట్రిప్పు ఖర్చు కూడా పడతది. అందుకే ఆర్టీసీ ముందుగాల్నే చూసుకునే దారి పట్టింది. మనకూ అంతే కదా. పొలం అదును మీద ఉన్నప్పుడు ట్రాక్టర్ రెండు రోజులు ఆగితే మెకానిక్ బిల్లు కన్నా పోయిన అదునే ఎక్కువ నష్టం.

పుస్తకం, పానాల సంచి

ఇగ మన ట్రాక్టర్ల సంగతి. మన దేశంల తయారైన తొలి ట్రాక్టర్ 1959ల ఐషర్ కంపెనీ ఫరీదాబాద్ ఫ్యాక్టరీ నుంచి బయటకొచ్చింది. 1963ల మహీంద్రా వాళ్లు అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తోని కలిసి బీ-275 మొదలుపెట్టిండ్రు. 1971ల హెచ్ఎంటీ వాళ్లు చెకోస్లొవేకియా జెటార్‌ను మన దేశంల తయారు చేసుడు షురూ చేసిండ్రు. 1974ల స్వరాజ్ వచ్చింది. అది బయటి దేశపు నకలు కాదు, దుర్గాపూర్‌ల ఉన్న మన ప్రభుత్వ పరిశోధన సంస్థ ఇంజినీర్లు గీసిన డిజైన్.

ఆ ట్రాక్టర్లతోని పాటు రెండు వస్తువులు ఇచ్చేది: ఒక పుస్తకం, ఒక పానాల సంచి. ఎన్ని గంటలకు ఆయిల్ మార్చాలె, ఏ నిప్పుల్‌కు ఎప్పుడు గ్రీస్ కొట్టాలె, ఫ్యాన్ బెల్టు ఎంత బిగువుండాలె, అన్నీ బొమ్మలతోని పుస్తకంల ఉండేవి. రైతు చేసుకుంటడని కంపెనీ నమ్మి ఇచ్చిన వస్తువులవి. డీజిల్ అయిపోయి పైపుల్ల ఎయిర్ పడితే, ఫిల్టర్ మీది స్క్రూ ఒదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు పోయి డీజిల్ సాఫుగా వచ్చినంక బిగించుడు ఆ తరం డ్రైవర్లందరికీ వచ్చు. చదువు రాకపోయినా చేతికి వచ్చు.

అన్నీ మనమే చేసుకున్నమా అంటే, కాదు. అప్పుడే పని మూడు వంతులుగా చీలింది. గ్రీసు, ఆయిలు, ఫిల్టర్లు, బెల్టు, గాలి రైతు పని. క్లచ్ ప్లేటు, గేర్ బాక్సు, ఇంజన్ బోరు పని షెడ్డు మేస్త్రిది. ఫ్యూయల్ పంపు, నాజిళ్లు మాత్రం టెస్టింగ్ మిషన్ ఉన్న పంపు మేస్త్రికే. ఆ పంపుల డీజిల్ కొలతను కంటితోని చూసి చెప్పలేం, మిషన్ మీద పెట్టి చూడాల్సిందే. అందుకే ఎంత తెలిసిన మేస్త్రి అయినా పంపును విప్పి పట్నం పంపేటోడు.

ఈ మూడు వంతుల చుట్టూ పెద్ద బతుకుదెరువు లేసింది. విజయవాడల మెకానిక్‌లు, బాడీ కట్టేటోళ్లు ఒక్కకాడ చేరి 1960లల్ల ఆటోనగర్ నిలబెట్టుకున్నరు. హైదరాబాద్‌లనూ వనస్థలిపురం దిక్కు ఆటోనగర్ ఉన్నది. స్పేర్ పార్టులకు సికింద్రాబాద్ రాణిగంజ్ పోతే దొరకని వస్తువు ఉండదని పేరు. చదువు ఆగిపోయిన పిలగాడు షెడ్డుల చేరి, ముందు పానాలు అందించి, తర్వాత టైర్లు విప్పి, నాలుగైదేండ్లకు మేస్త్రి అయ్యేటోడు. ఊరికి మెకానిక్ అంటే గట్ల తయారైన మనిషే.

రాళ్లగుట్టల మీద అద్దాల మేడలు

1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌ల సైబర్ టవర్స్ ప్రారంభించిండ్రు. హైటెక్ సిటీ అన్న పేరు నిలిచింది అప్పటిసందే. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, రాయదుర్గం అప్పటిదాక ఊర్లే. రాళ్లగుట్టలు, నడుమ చెల్కలు, చెరువుల కింద పొలాలు. 2003కల్లా సైబరాబాద్ పేరుతోని వేరే పోలీస్ కమిషనరేట్ వచ్చింది. తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు, 2019 మార్చిల హైటెక్ సిటీకి మెట్రో. ఇయ్యాల మన చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్ దిక్కు కూరగాయలు, పూలు, పాలు ఆ దిక్కే ఎక్కువ పోతయి.

ట్రాలీ నింపుకొని ఆ దిక్కు పోయేటోళ్లు ఒకటి గమనించే ఉంటరు. అంత కారిడార్‌ల లక్షల బండ్లు తిరుగుతయి గానీ, పెద్ద రోడ్డు మీద ఒక్క షెడ్డు కనబడదు. గజం ధర అంత ఉన్నకాడ మూడు బండ్లు నిలబెట్టుకునే షెడ్డుకు కిరాయి ఎవరు కడతరు? లోపలి గల్లీలల్ల పంచర్ దుకాణం, బైకుల మెకానిక్ దొరుకుతరు. మిగతావన్నీ కంపెనీ షోరూంలు. ఆ అపార్ట్‌మెంట్లల్ల ఉండేటోళ్లను బానెట్ కూడా లేపరని మనం ఎక్కిరిస్తం గానీ, వాళ్ల లెక్క వాళ్లకున్నది. ఒక ఆదివారం పోగొట్టుకునే బదులు పైసలు ఇచ్చుడే నయమనుకుంటరు. సెల్లార్ల ఆయిల్ మారుస్తనంటే సొసైటీ వాళ్లు ఒప్పుకోరు. మనకు వాకిలి ఉన్నది, ఎండాకాలంల నాలుగు రోజుల ఖాళీ ఉన్నది. సొంతంగా చేసుకుంటే లాభమా నష్టమా అన్నది జాగను బట్టి, టైమును బట్టి మారతది. పట్నపోళ్ల లెక్క మనకు పనికిరాదు, మన లెక్క వాళ్లకు పనికిరాదు.

చిత్రం ఏందంటే, షెడ్డు లేని ఆ కారిడార్‌లనే బండ్ల మెదడు తయారైతున్నది. హ్యుందాయ్ కార్ల కంపెనీకి హైదరాబాద్‌ల ఇంజినీరింగ్ సెంటర్ ఉన్నది. గేర్ బాక్సులకు పేరున్న జర్మనీ కంపెనీ జెడ్ఎఫ్ 2017ల నానక్‌రామ్‌గూడల టెక్నాలజీ సెంటర్ తెరిచింది. ఇసువంటి ఆఫీసులల్ల మన ఊర్ల పిల్లలు కూడా పనిచేస్తున్నరు. తండ్రి పానాతోని విప్పిన ఇంజన్‌కు కొడుకు కంప్యూటర్‌ల ప్రోగ్రాం రాస్తున్నడు.

పానా చోట్ల స్కానర్

బండికి మెదడు ఎందుకు పెట్టిండ్రు? పొగ తగ్గించేతందుకు. 2010 ఏప్రిల్‌ల హైదరాబాద్‌తోని కలిపి 13 పట్నాలల్ల బీఎస్-4 రూలు వచ్చింది. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా వచ్చింది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. పాత డీజిల్ పంపు చోట్ల కామన్ రైల్ వచ్చింది, సైలెన్సర్ కాడ మసి పట్టే ఫిల్టర్ వచ్చింది, ఎక్కడికక్కడ సెన్సార్లు వచ్చినయి. పొగ తగ్గింది, ఆ మంచిని కాదనలేం. పట్నంల ఆ గాలి పీల్చేది మన పిల్లలు కూడా.

కానీ రిపేర్ కథ మారింది. పాత బండి మొరాయిస్తే మేస్త్రి చెవి పెట్టి సప్పుడు వినేటోడు, పొగ రంగు చూసేటోడు. కొత్త బండి మొరాయిస్తే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతది. ఆ లైటు ఏం చెప్తున్నదో చదవాలంటే స్కానర్ కావాలె, స్కానర్‌ల కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలె. కొన్ని పార్టులను మార్చినంక కూడా కంప్యూటర్‌ల నమోదు చేయకుంటే బండి వాటిని ఒప్పుకోదు. ఇరవై ఏండ్ల అనుభవమున్న మేస్త్రి ఆ లైటు ముందర ఏం చెయ్యలేక నిలబడుతున్నడు. అతనికి పని రాక కాదు, తాళంచెవి ఇయ్యక.

ఇది మనం ఉత్తగ అంటున్న మాట కాదు. ఒక కారు కొన్న మనిషి 2011ల పెట్టిన ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా విచారణ చేసింది. 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544 కోట్ల చిల్లర జరిమానా వేసింది. అసలైన స్పేర్ పార్టులను, రిపేర్ పుస్తకాలను, స్కానింగ్ పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనియ్యకుండా చేసిండ్రు అన్నది తేలిన తప్పు. వాటిని బయటి మెకానిక్‌లకు కూడా దొరికేటట్టు చెయ్యాలని, బయట రిపేర్ చేయించినంత మాత్రాన వారంటీ రద్దంటూ గుండుగుత్తగ షరతు పెట్టొద్దని కూడా చెప్పింది. కంపెనీలు పై మెట్లెక్కినయి. 2016 డిసెంబర్‌ల అప్పీలు ట్రిబ్యునల్ తన ముందుకొచ్చిన కంపెనీల కేసుల తప్పు తప్పేనన్నది గానీ జరిమానా తగ్గించింది.

అమెరికా రైతులు కూడా ఇదే పోరాటం చేసిండ్రు. అక్కడి ట్రాక్టర్లు మనకన్నా ముందే కంప్యూటర్లయినయి. కోత నడుమ హార్వెస్టర్ ఆగితే డీలర్ మనిషి ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చేదాక చూడాల్సిందే. రైతులు గట్టిగ అడిగితే 2023ల కొలరాడో రాష్ట్రం చట్టం చేసింది. వ్యవసాయ మిషన్ల రిపేర్‌కు కావాల్సిన పార్టులు, పరికరాలు, సాఫ్ట్‌వేర్, పుస్తకాలు రైతుకు, బయటి మెకానిక్‌కు కూడా ఇయ్యాలె. 2024 జనవరి 1 నుంచి అది అమలైంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 జులైల రిపేర్ హక్కు మీద కమిటీ వేసింది. ఆ కమిటీ చూడాల్సిన వాటిల్ల వ్యవసాయ పరికరాలు ఉన్నయి. అదే ఏడు డిసెంబర్ 24న రిపేర్ హక్కు పేరుతోని ఒక పోర్టల్ తెరిచిండ్రు. కానీ అక్కడి లెక్క చట్టం ఇంకా చేతికి రాలే.

ఆర్టీసీ కూడా పానా ఇచ్చేసింది

మళ్ల మన బస్సుల దగ్గరికి వద్దాం. 2019ల హైదరాబాద్ ఆర్టీసీకి 40 ఎలక్ట్రిక్ బస్సులు వచ్చి ఎయిర్‌పోర్టు రూట్లల్ల తిరిగినయి. 2023 సెప్టెంబర్‌ల ఐటీ కారిడార్ కోసం ఇంకో 25 ఏసీ ఎలక్ట్రిక్ బస్సులు గచ్చిబౌలిల మొదలైనయి. ఈ బస్సుల మీద ఆర్టీసీ పేరుంటది, టికెట్ ఆర్టీసీది, కానీ బస్సు ఆర్టీసీది కాదు. బస్సు పెట్టేది, దాన్ని బాగుచేసేది ప్రైవేటు కంపెనీ. తిరిగిన కిలోమీటరుకు ఇంత అని ఆర్టీసీ కడతది.

దీనికీ ఒక లెక్కున్నది. ఎలక్ట్రిక్ బస్సు ధర బాగ ఎక్కువ, ఒక్కసారి అంత పెట్టుబడి పెట్టే శక్తి ఆర్టీసీకి లేదు. బ్యాటరీ చెడితే నష్టం కంపెనీదే. అది మంచిదే. కానీ 1932 నుంచి డిపోలల్ల ఒక తరం నుంచి ఇంకో తరానికి అందిన పనితనం ఈ కొత్త బండ్ల దగ్గర ఆగిపోతది. ఒప్పందం అయిపోయిన రోజు ఆర్టీసీ చేతుల బస్సూ ఉండదు, బస్సును బాగుచేసే విద్యా ఉండదు. అప్పుడు కిలోమీటరుకు ఎంత అడిగితే అంత అన్నట్టయితది.

పైసలిచ్చి పని చేయించుకునుడు తప్పు కాదు. పని తెలిసి పైసలిస్తే ఎక్కువ తక్కువ మనకు తెలుస్తది. పని తెల్వకుండ పైసలిస్తే బిల్లు మీద రాసిందే ధర. తొంభై ఏండ్ల ఈ కథల నాకు సమజైంది ఇదే.

మరి మనమేం చేద్దాం

మన చేతుల ఇంకా చానా ఉన్నది. ట్రెమ్-4 అనే కొత్త పొగ రూలు 2023 జనవరి 1 నుంచి 50 హార్స్‌పవర్ దాటిన ట్రాక్టర్లకే వచ్చింది. మన ఊర్లల్ల ఎక్కువగ ఉన్నయి అంతకన్నా చిన్నయి. వాటిల్ల చానా వరకు పాత పద్ధతి పంపులే, పానాతోనే పనైతది. కొత్త ట్రాక్టర్ కొనేటోళ్లు హార్స్‌పవర్ ఎంత, ఈఎంఐ ఎంత అని అడుగుతున్నరు. పంపు ఏ రకం, స్కానర్ ఎక్కడ దొరుకుతది, మన మండలంల దాన్ని చూసేటోడు ఉన్నడా అన్నది కూడా అడగండి.

రోజూ దమ్ము చేసేటప్పుడు ముందు యాక్సిల్‌కు గ్రీస్, పొద్దుగాల ఆయిల్ గేజు, రేడియేటర్ నీళ్లు, ఎయిర్ క్లీనర్ల దుమ్ము చూసుడు మన పని. దీనికి మెకానిక్‌ను పిలిస్తే మనకే సిగ్గు. ఇంజన్ ఆయిల్, ఫిల్టర్ మార్చుడు చానా ట్రాక్టర్లకు 250 గంటలకోసారి ఉంటది. మీ ట్రాక్టర్‌కు ఎంతన్నది మీ పుస్తకంల చూసుకోండి. వారంటీ ఉన్నన్ని రోజులు సర్వీసులు డీలర్ కాడ చేయించి బిల్లులు దాచిపెట్టుకోండి, వారంటీ అయినంక మీరే చేసుకోండి. చేసిన తారీఖు, మీటర్ల గంటలు ఒక నోటుబుక్కుల రాయండి. ఆర్టీసీ డిపో నడిచింది ఆ రాతల మీదనే.

క్లచ్, గేర్లు, బ్రేకులు, హైడ్రాలిక్ పని వస్తే మేస్త్రికి ఇవ్వండి. బేరమాడండి గానీ మరీ పిండకండి. అదునుల అర్ధరాత్రి ఫోన్ చేస్తే పొలం కాడికి వచ్చేది ఆయననే, షోరూం కాదు. పని చేసేటప్పుడు పక్కన నిలబడి చూడండి, పాత పార్టు అడిగి తీసుకోండి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం ఎవ్వరూ దూరొద్దు, కింద కట్టె మొద్దులు పెట్టినంకనే.

మూడోది స్కానర్ పని. ఇది ఒక్క రైతుతోని కాదు, ఒక్క మేస్త్రితోనూ కాదు. స్ప్రేయర్లు, రోటవేటర్లు కలిసి కొనుక్కుంటున్న రైతు సంఘాలు మండలానికొక స్కానర్ కూడా కలిసి కొనొచ్చు, ఊరి మేస్త్రికి నేర్పించొచ్చు. రాయదుర్గంల 2023 మార్చిల ప్రభుత్వం టీ-వర్క్స్ అనే పెద్ద వర్క్‌షాప్ తెరిచింది, కొత్త వస్తువులు తయారు చేసేటోళ్లకు అక్కడ మిషన్లు ఉన్నయి. అక్కడికి పోయే పిల్లలకు మన సమస్య చెప్పుదాం. మన భాషల లోపం చెప్పే ఒక చిన్న స్కానర్ చేసుడు వాళ్లకు పెద్ద పని కాకపోవచ్చు. రిపేర్ హక్కు చట్టం సంగతి ఓట్లకొచ్చే నాయకులను మనమే అడగాలె. మద్దతు ధర అడిగిన నోటితోనే ఇదీ అడగాలె.

ట్రాక్టర్ అప్పు మన పేరు మీద ఉన్నది, ఆర్సీ మన పేరు మీద ఉన్నది. దాన్ని విప్పే హక్కు కూడా మనదే ఉండాలె. అప్పటిదాక, పాత పుస్తకం అటక మీద పడి ఉంటే దించి దుమ్ము దులపండి. కొడుకుకో బిడ్డకో ఒక్కసారి పక్కన నిలబెట్టి ఆయిల్ ఎట్ల మార్చాలో చూపించండి. రేపు వాళ్లు హైటెక్ సిటీకి పోయి బండ్లకు ప్రోగ్రాం రాసినా, ఆ బండిని బాగుచేసేటోడు ఒకడుంటడని వాళ్లకు యాదికుంటది.